దిగుడులో ఆపిన ఇంజను

నలభై ఏళ్ళు కార్ల కింద పడుకుని బతికాను. నా షెడ్డుకు వచ్చినవాళ్ళలో సగం మంది ఒకే మాటతో వచ్చారు: "మైలేజీ రావట్లేదండి." ఇంజను కొట్టుకుంటోందని వచ్చేవాడిలో భయం ఉంటుంది. గేరు పడట్లేదని వచ్చేవాడిలో విసుగు ఉంటుంది. మైలేజీ రావట్లేదని వచ్చేవాడిలో అనుమానం ఉంటుంది. బంకు మీద, డ్రైవరు మీద, కారు అమ్మినవాడి మీద, ఆఖరికి మన మీద కూడా. తన మీద తప్ప అందరి మీదా. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు మొదట తెలుసుకోవలసింది అది.

నాది కొవ్వూరు. ఎనిమిదో తరగతితో బడి మానేశాను. మిగతా చదువంతా మా ఊరి గ్రంథాలయంలోనే. సాయంత్రం షెడ్డు కట్టేశాక చేతులు ముందు కిరసనాయిలుతో, తర్వాత సబ్బుతో, మళ్ళీ సబ్బుతో కడుక్కుని వెళ్ళేవాణ్ణి. గ్రంథపాలకుడు నా అరచేతులు ఒకసారి తిప్పి చూసి పుస్తకం ఇచ్చేవాడు. ఇంగ్లీషు పుస్తకం ఒక పక్క, నిఘంటువు ఒక పక్క పెట్టుకుని, ఒక పేజీ చదవడానికి ఒక సాయంత్రం పట్టిన రోజులున్నాయి. రెండేళ్ళు తిరిగేసరికి నిఘంటువు అవసరం తగ్గింది. గోదావరికి ఇటూ అటూ ఉన్న మెకానిక్కుల్లో కార్బ్యురేటర్ గురించి అచ్చు పుస్తకంలో చదివినవాణ్ణి నేనొక్కణ్ణేనని నా నమ్మకం. ఆ నమ్మకం నాకు ఎంత పని చేసిపెట్టిందో, ఎంత పని చెడగొట్టిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అయస్కాంతం

నాకు పని నేర్పిన మేస్త్రీ మైలేజీ కోసం వచ్చిన ప్రతి కారుకూ డీజిలు గొట్టం చుట్టూ చిన్న అయస్కాంతం ముక్క కట్టేవాడు. కట్టి, ఎంతో గంభీరంగా ఒక మాట చెప్పేవాడు. "వారం పది రోజులు యాభై దాటించకండి. అయస్కాంతం సర్దుకోవాలి." పది రోజులు యాభై దాటకుండా నడిపితే ఏ కారుకైనా మైలేజీ పెరుగుతుంది. పెరిగిందని వాళ్ళు వచ్చి దణ్ణం పెట్టేవాళ్ళు. వెనకనుంచి నేను నవ్వుకునేవాణ్ణి. అది మోసమని పుస్తకాల్లో చదివి ఉన్నాను కదా.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, ఆ మోసంతో ఆయన ఎవరి కాలూ విరగ్గొట్టలేదు.

మైలేజీకి మంత్రం లేదు. చక్రాల్లో గాలి సరిగా ఉండాలి. జాకీ మీద లేపి చక్రాన్ని చేత్తో తిప్పితే ఆగకుండా తిరగాలి. తిరగకపోతే బ్రేకు పట్టేసి ఉన్నట్టు, అంటే మీ డీజిలు ఆ బ్రేకును అరగదీయడానికి పోతోందన్నమాట. పది కిలోమీటర్లు నడిపి దిగి, నాలుగు చక్రాల మధ్య భాగాన్నీ చేత్తో ముట్టుకోండి. ఒకటి కాలితే జబ్బు అక్కడ ఉంది. గాలి ఫిల్టరు విప్పి వెలుతురుకు పెట్టి చూడండి. డ్రైవరు ఎడమకాలు ఎక్కడ పెట్టుకుంటాడో పక్కన కూర్చుని చూడండి. క్లచ్ మీద పెట్టుకునేవాడికి మీరు ఏం చేసినా మైలేజీ రాదు. ఇంతే. ఇది చెబితే కస్టమరుకు నచ్చదు. ఏదో ఒక కొత్త వస్తువు బిగిస్తేనే పని చేసినట్టు అనుకుంటాడు.

కడియం నుంచి ఒక నర్సరీ యజమాని వచ్చాడు. మంచి కారు, కొని మూడేళ్ళు కూడా కాలేదు. డ్రైవరు డీజిలు కాజేస్తున్నాడనీ, ఆ సంగతి నేనే తేల్చాలనీ అడిగాడు. డిక్కీ తీశాను. నాలుగు బస్తాల వర్మీ కంపోస్టు, కుండీల్లో రెండు అంటు మామిడి మొక్కలు, ఒక పార. కారు పైన ఇనప క్యారియర్.

"పైన క్యారియర్ ఎందుకండీ?" అన్నాను.

"మా తోడల్లుడి ఇంట్లో బారసాలకి బిగించామండి. పాత కారుకి. దాన్నించి తీసి దీనికి పెట్టాం."

"శుభకార్యం ఎప్పుడు జరిగిందేంటి?"

ఆయన కాసేపు లెక్క చూసుకుని, "ఆ పిల్లోడిప్పుడు టెన్తండి," అన్నాడు.

క్యారియర్ విప్పించాను. బస్తాలు దింపించాను. వెనక ఎడమ చక్రానికి పట్టేసిన బ్రేకు వదులు చేశాను. పదిహేను రోజులకు ఫోను చేసి, మైలేజీ బ్రహ్మాండంగా ఉందండి అన్నాడు. మరి డ్రైవరు సంగతేంటని అడిగాను. ఆ డ్రైవర్ని నా దగ్గరకు రాకముందే పంపించేశాడట. మళ్ళీ పిలిచారా అన్నాను. "ఇప్పుడు కొత్త కుర్రాడు బాగానే ఉన్నాడు కదండీ," అన్నాడు.

ఈ కథ నవ్వు కోసం చాలామందికి చెప్పాను. దాని చివరి మాట మాత్రం ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది.

ఎర్రసుద్ద

మా ఊళ్ళో ఒక ట్రావెల్స్ యజమాని ఉండేవారు. వెంకటరత్నం గారు అందాం. పదకొండు కార్లు. అన్నిటి పనీ నా షెడ్డుకే వచ్చేది. పదకొండు కార్లు చేతిలో ఉన్న మెకానిక్కు వానాకాలం కూడా ఖాళీగా కూర్చోడు. అందుకని ఆయన ఎదట నేను కొంచెం వంగి మాట్లాడేవాణ్ణి. అది ఒప్పుకోకుండా మిగతాది చెప్పలేను.

ఆయన ఆఫీసు గోడకు ఏదో బడి నుంచి తెచ్చిన నల్లబల్ల ఒకటి వేలాడేది. ప్రతి శనివారం ఏ కారు ఎంత మైలేజీ ఇచ్చిందో దాని మీద రాసేవారు. పై పేర్లన్నీ తెల్లసుద్దతో, అన్నిటికన్నా కింది పేరు ఎర్రసుద్దతో. ఎర్రసుద్ద పడినవాడు మరుసటి వారమంతా మిగతా పది కార్లూ కడగాలి. వరసగా మూడు వారాలు పడితే తాళం బల్ల మీద పెట్టి ఇంటికి పోవాలి. ఇది ఎక్కడా రాసిన నియమం కాదు. ఆయన నవ్వుతూ చెప్పే మాట. నవ్వుతూ చెప్పే మాటకు ఎవరూ ఎదురు చెప్పలేరు.

ఆ డ్రైవర్లలో యేసుపాదం ఒకడు. ముప్పై అయిదేళ్ళవాడు, సన్నగా ఉండేవాడు. మా లూథరన్ చర్చిలో నాకు రెండు బల్లల ముందు కూర్చునేవాడు. అతని కారు పని ఏంటంటే కొవ్వూరు నుంచి డయాలసిస్ పేషెంట్లను రాజమండ్రి తీసుకెళ్ళడం, వాళ్ళ కోసం ఆస్పత్రి బయట ఆగడం, తిరిగి ఇంట్లో దించడం. మిగతా కార్లు విశాఖపట్నానికీ, విజయవాడకూ హైవే మీద పరిగెత్తేవి. ఇతని కారు గోదావరి వంతెన మీద లారీల వెనకా, రాజమండ్రి సందుల్లో ఆటోల వెనకా పాకేది. పేషెంటు బయటికొచ్చే వేళకు ఏసీ వేసి ఉంచేవాడు. వెంకటరత్నం గారు దాని మీద అరిస్తే, "రక్తం శుభ్రం చేయించుకుని వచ్చినోళ్ళండి, కొలిమిలో కూర్చోబెట్టమంటారేంటండీ," అన్నాడట. ఆ మాట అన్న వారమే మొదటి ఎర్రసుద్ద పడింది.

రెండోది కూడా పడ్డాక సోమవారం నా షెడ్డుకు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఈ శనారం కూడా ఎర్రసుద్ద పడితే తాళం ఇచ్చేయాలండి. నాకు స్టీరింగు తప్ప ఇంకోటి రాదు. మీరు సదువుకున్నోరు. ఏదో ఒకటి చెప్పండి మేస్త్రీ గారూ."

ఇక్కడ ఆగి, ఆ రోజు నేను చేయవలసిందేమిటో చెబుతాను. ఊళ్ళో పాకే కారునూ హైవే కారునూ ఒకే బల్ల మీద రాయడం తప్పని నాకు తెలుసు. పుస్తకం చదవనక్కర్లేదు, ఏ మెకానిక్కైనా చెబుతాడు. ఆ కారును అదే కారు పోయిన నెల మైలేజీతో పోల్చాలి, పక్క కారుతో కాదు. నేను నేరుగా వెంకటరత్నం గారి దగ్గరకు వెళ్ళి ఆ మాట చెప్పాలి. అంతకు నెల ముందు ఒకసారి అన్నాను కూడా, టీ తాగుతూ, ఏదో మాటవరసకు అన్నట్టు: "రూట్లు వేరు వేరు కదండీ." ఆయన కప్పు కింద పెట్టకుండానే, "దేవదానం, నువ్వు బళ్ళు చూసుకో. మనుషుల సంగతి నేను చూసుకుంటాను," అన్నారు. టీ పూర్తి చేసి లేచాను. పదకొండు కార్లు.

కాబట్టి యజమానికి చెప్పాల్సింది డ్రైవరుకు చెప్పాను. ఈ వృత్తిలో జరిగే తప్పుల్లో సగం ఇలాంటివే. గట్టివాడికి చెప్పలేక, చేతికందినవాణ్ణి సరిచేస్తాం.

పుస్తకంలో ఉంది

యేసుపాదం కారు ఆ రోజంతా చూశాను. చక్రాల్లో గాలి తక్కువగా ఉంది, కొట్టించాను. ఫిల్టరు మార్చాను. చక్రాల అలైన్‌మెంటు సరిచేయించాను. యాక్సిలరేటర్ మీద కాలు ఎలా వెయ్యాలో పక్కన కూర్చుని చూపించాను. ముందున్న లారీ ఆగబోతోందని దూరం నుంచే తెలిస్తే అప్పుడే కాలు తీసేయమన్నాను. ఇవన్నీ మంచి మాటలే. వీటితో ఆపి ఉంటే బాగుండేది.

కానీ ఇవి అందరు మెకానిక్కులూ చెప్పే మాటలు. నా దగ్గరకు వచ్చినవాడు "మీరు సదువుకున్నోరు" అన్నాడు. నేను గ్రంథాలయానికి వెళ్ళి, ఎన్నోసార్లు తెచ్చుకున్న పాత పుస్తకం ఒకటి మళ్ళీ తెచ్చాను. ముదురు ఆకుపచ్చ అట్ట, ముడతలు పడ్డ వెన్ను. దాని వెనక అంటించిన చీటీ మీద వరసగా నా పేరే. ఇంధనం పొదుపు గురించి అందులో ఒక అధ్యాయం ఉంది. దిగుడు రోడ్డు మీద గేరు తీసేసి, ఇంజను ఆపేసి, బండిని దాని బరువు మీదే పోనివ్వవచ్చనీ, దిగుడు అయ్యాక గేరు వేసి క్లచ్ వదిలితే ఇంజను మళ్ళీ అందుకుంటుందనీ రాసి ఉంది. అది యేసుపాదానికి చదివి, వాక్యం వాక్యానికీ తెలుగు చెప్పాను. చర్చిలో వాక్యం చదివినప్పుడు తలవంచుకున్నట్టే తలవంచుకుని విన్నాడు.

"మనకి దిగుళ్ళెక్కడున్నాయండీ, అంతా చదునేగా?" అన్నాడు అయ్యాక.

"వంతెన లేదూ?" అన్నాను.

మా డెల్టాలో కొండలుండవు. అరచేయిలా ఉంటుంది నేల. బండి దానంతట అది దొర్లే చోటంటే వంతెన దిగుడు, కాలవ వంతెన దిగుడు, ఏటిగట్టు దిగుడు. అవి తప్ప ఇంకేమీ లేవు. మరొకటి కూడా నిజం: మా ప్రాంతంలో ప్రతి దిగుడు కిందా మనుషులుంటారు. టీ కొట్టు ఉంటుంది, ఆటోలు ఆగుతాయి, చేపల తట్టలు దింపుకుంటారు, రోడ్డు మలుపు తిరుగుతుంది. కొండ ప్రాంతం వాడికి దిగుడు అంటే ఖాళీ రోడ్డు. మాకు దిగుడు అంటే ఊరి మొదలు. ఆ పుస్తకం రాసినవాడు డెల్టా చూసి ఉండడు. చూసిన నేను ఆ తేడా గురించి ఆలోచించలేదు.

ఇంతకన్నా సిగ్గుపడాల్సింది ఒకటుంది. ఇప్పటి కారులో బ్రేకుకు బలం ఇచ్చేది ఇంజనే. ఇంజను ఆపితే, ఆ బలాన్ని పెడలుకు అందించే బూస్టరు డబ్బాలో మిగిలినది రెండు మూడు తొక్కుళ్ళకు సరిపోతుంది. తర్వాత పెడలు రాయిలా గట్టిపడుతుంది. స్టీరింగు కూడా బరువెక్కుతుంది. ఈ సంగతి నాకు తెలియదా? వందల బూస్టర్లు విప్పి బిగించిన చేతులివి. కానీ చదివినదాన్నీ, చేతులకు తెలిసినదాన్నీ నేను వేరు వేరు అరల్లో పెట్టుకున్నాను. ఆ రోజు పుస్తకం పట్టుకున్న చేతులు బూస్టరు సంగతి చెప్పలేదు. నేనే చెప్పనివ్వలేదు.

ఆ శనివారం యేసుపాదం పేరు తెల్లసుద్దతో వచ్చింది. ఎనిమిదో స్థానం. మరుసటి శనివారం ఏడు. చర్చిలో ఆరాధన అయ్యాక బయటికొచ్చి, చేతులు పట్టుకుని, "మీ పుస్తకం నన్ను నిలబెట్టిందండి," అన్నాడు. నిలబెట్టింది చక్రాల్లో గాలి. ఆ పేరు నేను పుస్తకానికి ఇచ్చాను. నాకు కూడా కొంచెం తీసుకున్నాను.

దిగుడు

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. రాజమండ్రి నుంచి తిరిగి వస్తున్నాడు. వెనక సీట్లో రిటైరైన మాస్టారు ఒకాయన, ఆయన భార్య. వంతెన దాటి కొవ్వూరు వైపు దిగుతూ తాళం తిప్పి ఇంజను ఆపాడు. అప్పటికి ఆ పని రోజూ చేస్తున్నాడు. దిగుతుండగా ఒక సైకిలుకు బ్రేకు వేశాడు, ఒక ఆటోకు వేశాడు. కింద మలుపు దగ్గర నెత్తిన చేపల తట్టతో ఒకామె రోడ్డు దాటుతోంది. మూడోసారి తొక్కితే పెడలు దిగలేదు. నిలబడినట్టుగా లేచి తొక్కాడట. దిగలేదు. రెండు చేతులతో స్టీరింగు ఎడమకు లాగాడు. కారు వెళ్ళి కల్వర్టు పిట్టగోడకు కొట్టుకుంది.

ఆమెకు ఏమీ కాలేదు. చేపలు రోడ్డు మీద పడ్డాయి. మాస్టారికి భుజం ఎముక విరిగింది. యేసుపాదానికి కుడి మోకాలు నుజ్జయింది.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసింది ఒక్కటే. వెంకటరత్నం గారు ఫోను చేసి, కారును తన పెరట్లోకి లాక్కొచ్చామనీ, వచ్చి చూడమనీ అన్నారు. ఎండ తగ్గకముందే వెళ్ళాను. తలుపు తీసి లోపల కూర్చున్నాను. తాళం ఆఫ్‌లో ఉంది.

ప్రమాదం తర్వాత ఎవరో చెయ్యి పెట్టి తిప్పి ఉండవచ్చు. ఆ మాట అప్పుడు నాకు నేనే చెప్పుకున్నాను. తాళం తిప్పి ఇంజను అందుకోజేసి బ్రేకు తొక్కి చూశాను. చక్కగా పట్టింది. నాలుగుసార్లు తొక్కాను, నాలుగుసార్లూ పట్టింది. పైపులు, ద్రవం, బూస్టరు అన్నీ చూశాను. ఏ లోపమూ లేదు. ఇంజను ఆపేసి, తొక్కి చూడలేదు. ఏం జరుగుతుందో తెలుసు కాబట్టి చూడలేదు.

"బ్రేకు పట్టలేదంటున్నాడయ్యా వాడు. పట్టిందా లేదా?" అన్నారు వెంకటరత్నం గారు.

"పట్టిందండి."

"బాగున్నాయా లేదా?"

"బాగానే ఉన్నాయండి."

"అదే రాసివ్వు."

నా షెడ్డు పేరున్న కాగితం మీద రాసిచ్చాను. కారును పరీక్షించాను, బ్రేకులు సరిగానే ఉన్నాయి. కింద సంతకం. ఒక్క అక్షరం అబద్ధం లేదు. నా జీవితంలో నేను రాసినవాటిలో ఇంతకన్నా పెద్ద అబద్ధం లేదు.

బ్రేకులు సరిగానే ఉంటే బ్రేకు పట్టలేదన్న డ్రైవరు అబద్ధమాడినట్టు. అబద్ధమెందుకు ఆడతాడు? మిట్టమధ్యాహ్నం, భోజనం చేసి, కునుకు తీసి ఉంటాడు. ఇన్సూరెన్సు కాగితాల్లో అదే వెళ్ళింది. మాస్టారి భార్య ఒక్కరే కాదన్నారు. ఆస్పత్రి వరండాలో వెంకటరత్నం గారికి చెబుతుంటే నేను పక్కనే ఉన్నాను. "నిద్రేంటి బాబూ, నాతో మాటాడుతూనే ఉన్నాడు. బండి చప్పుడే ఆగిపోయింది. గాల్లో తేలినట్టు దిగాం," అన్నారామె. ఆవిడ బెదిరిపోయి ఉన్నారని వెంకటరత్నం గారు నాతో అన్నారు. చప్పుడు ఎందుకు ఆగిందో ఆ వరండాలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తల ఊపాను. ఎటు ఊపానో ఇప్పటికీ చెప్పలేను.

తర్వాత యేసుపాదం మంచం దగ్గరకు వెళ్ళాను. నా కాగితం నకలు అప్పటికే అతనికి చూపించారు. దిండు కింద ఉంది.

"మీ రాత అచ్చులా ఉంటుందండి," అన్నాడు.

ఫ్యాను వైపు చూస్తూ అడిగాడు. "మీ పుస్తకంలో బ్రేకు గురించి రాయలేదేంటండీ?"

కోపంగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగాడు. అదే నేను మోయలేకపోయాను.

ముందుమాట

ఆ ప్రశ్నకు జవాబు కోసం గ్రంథాలయానికి వెళ్ళాను. ఆకుపచ్చ అట్ట పుస్తకం తీసి ఆ అధ్యాయం మళ్ళీ చదివాను. బ్రేకు గురించి నిజంగానే లేదు. అప్పుడు మొదటికి వెళ్ళి, ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ చదవని ముందుమాట చదివాను. ఇందులో చెప్పినవి ఆ కాలపు పెట్రోలు కార్లకనీ, బ్రేకులకూ స్టీరింగుకూ ఇంజను సాయం ఉండే బళ్ళకు వర్తించవనీ రెండో పేరాలోనే ఉంది.

ముందుమాటలంటే నాకు చులకన. అసలు సంగతి లోపల ఉంటుందనుకునేవాణ్ణి.

తర్వాత రాజమండ్రిలో కొత్త పుస్తకాలు వెతికి చదివాను. ఇప్పటి కార్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే, దిగుడులో ఇంజనుకు డీజిలు దానంతట అదే ఆగిపోతుంది. చక్రాలే ఇంజనును తిప్పుతాయి. బ్రేకుకు బలం ఉంటుంది, స్టీరింగు మెత్తగా ఉంటుంది, ఇంధనం ఖర్చవదు. అంటే ఆ దిగుడులో యేసుపాదం కాలు తీసేసి ఊరుకుంటే చాలు, తాళం ముట్టుకోనక్కర్లేదు. నేను నేర్పినదానివల్ల మహా అయితే చెంచాడు డీజిలు మిగిలి ఉంటుంది.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు చదవవద్దని నేను చెప్పను. చదవని మెకానిక్కు అయస్కాంతాలు కడతాడు. కానీ పుస్తకం ఎప్పటిదో, ఏ బండి గురించో, ఏ నేల మీద నిలబడి రాశారో చూడండి. చదివింది మీ చేతులతో ఒకసారి సరిచూసుకోండి. చేతులు కాదంటే చేతుల మాట వినండి. అన్నిటికన్నా ముఖ్యం, మీరు చెప్పింది విని ఎవరైనా దెబ్బ తింటే, మీ దగ్గర ఇంకా కాగితం ఉండగానే నిజం రాయండి. తర్వాత రాయాలంటే నాలా పన్నెండేళ్ళు పడుతుంది.

మట్టి సంచులు

యేసుపాదం కుడికాలు వంగదు. పెడలు తొక్కలేడు. ఉద్యోగం పోయింది సరే, నిద్రపోయే డ్రైవరన్న పేరు కూడా అతుక్కుంది కాబట్టి కారు కడగడానికి కూడా ఎవరూ పిలవలేదు. కడియంలో నర్సరీ పనికి చేరాడు. నల్ల ప్లాస్టిక్ సంచుల్లో మట్టి నింపే పని. కూర్చుని చేసుకోవచ్చు. పెట్టుకున్నది ఎవరో కాదు, క్యారియర్ విప్పించుకున్న ఆ యజమానే. నేనే వెళ్ళి అడిగాను. అప్పుడైనా నిజం చెప్పలేదు. పాపం మావాడే, చర్చివాడు, చూడండి అన్నాను. దయ చూపిస్తున్నట్టు అడిగాను.

వెంకటరత్నం గారి బల్ల మరో రెండేళ్ళు వేలాడింది. తర్వాత కార్లలోనే మైలేజీ అంకె కనిపించడం మొదలయ్యాక తీసేశారు. ఆయన కార్లు నేను రిటైరయ్యేదాకా నా షెడ్డుకే వచ్చాయి. ఆ పదకొండు కార్లను నేను పోగొట్టుకోలేదు. అది కూడా ఇక్కడ రాయాలి.

యేసుపాదం ఏ ఆదివారం ఆరాధన మానలేదు. పాత బల్లకే వచ్చి, కాలు బయటికి చాపుకుని కూర్చుంటాడు. అందరం లేచి కలిసి పాపం ఒప్పుకునే సమయంలో అతను కూర్చునే చెబుతాడు, నేను వెనక నిలబడి చెబుతాను. మాటవల్ల చేసిన పాపం అన్నచోట నా గొంతు పన్నెండేళ్ళుగా పైకి రాలేదు. పక్కవాళ్ళు పైకే చెబుతారు కాబట్టి ఎవరికీ తెలియదు.

షెడ్డు మూసేశాక, ఇది రాయాలని కూర్చునే ముందు కడియం వెళ్ళాను. నీడ వల కింద మట్టి నింపుతున్నాడు. ఒక చేత్తో సంచి నోరు తెరిచి, రెండో చేత్తో మట్టి వేసి, నేలకు ఒకసారి తట్టి పక్కన పెడుతున్నాడు. చేతులు ఆగలేదు. నేను రాయబోయేది చెప్పాను. తాళం ఆఫ్‌లో ఉందని చూశానని కూడా చెప్పాను. అది అతనికి తెలియదు.

సంచి ఒకటి నింపి పెట్టాడు. "తెలుసుకుంటారులే అనుకున్నానండి. ఆ కాగితం రాసేటప్పటికే మీకు తెలుసనుకోలేదు," అన్నాడు.

ఇంజను ఆపమన్నది నేనేనని ఆ రోజు ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మిమ్మల్నే అడుగుతారు కదండీ నిజమా కాదా అని. మీరు నిజమంటారనుకున్నాను. అననప్పుడు ఇంకెవరికి చెప్పేదండి?"

అతని పేరు మార్చి రాస్తానన్నాను. వద్దన్నాడు. "మార్చితే నాకేం లాభమండి? నా పేరే రాయండి. ఆ మనిషి నిద్రపోలేదని రాయండి. అంతే."

అందుకని వెంకటరత్నం గారి పేరు మార్చాను గానీ యేసుపాదం పేరు మార్చలేదు. నా షెడ్డు పేరున్న పాత కాగితాలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. వాటిలో ఒకటి తీసి, అప్పుడు రాసిచ్చినదాన్ని మళ్ళీ మొదటినుంచి రాశాను. ఒక నకలు చర్చి కమిటీకి ఇచ్చాను, ఒకటి యేసుపాదానికి ఇచ్చాను. ఇంకొకటి ఇది:

కారును పరీక్షించాను. బ్రేకులు సరిగానే ఉన్నాయి. నేను చూసినప్పుడు తాళం ఆఫ్‌లో ఉంది. దిగుడులో ఇంజను ఆపితే ఆ బ్రేకులు మూడోసారికి పట్టవు. ఆపమని డ్రైవరుకు చెప్పినది నేను. డ్రైవరు మెలకువగా ఉన్నాడు.

దేవదానం, మెకానిక్కు.